వ్యాసంగం వ్యసనం కాకుండా

(గృహస్థ ధర్మంపై మన ఆలయ ప్రాంగణంలో జరిగిన సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



దంపతుల సామరస్యం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. విషయం చాలా పెద్దది. అందులో ఒక చిన్న పాయను మాత్రమే తీసుకొని ఈ పూట మీ ముందు ఉంచుతాను.

భర్తకో భార్యకో ఏదో ఒకదానిమీద అపారమైన మక్కువ ఉంటుంది. అది తాగుడు కాదు, జూదం కాదు, లోకం వేలెత్తి చూపే దుర్మార్గం కాదు. నలుగురూ మెచ్చే మంచి పనే. ఒకరికి నాటకం, ఒకరికి సంగీతం, ఒకరికి పుస్తకాలు, ఒకరికి చదరంగం, మన సీమలో చాలామందికి బండలాగుడు పోటీల ఎద్దులు, ఇంకొందరికి భజన, దేవాలయ సేవ. ఆ మక్కువ మనిషిని నిలువునా ఆక్రమించుకున్నప్పుడు ఆ మనిషితో కాపురం చేసే రెండవ మనిషి ఏం చేయాలి? తాగివచ్చిన భర్తను తిడితే ఊరంతా భార్య పక్షాన నిలుస్తుంది. పద్యం పాడి వచ్చిన భర్తను తిడితే ఊరంతా భర్త పక్షాన నిలుస్తుంది. అందువల్ల ఈ బాధను చాలామంది బయటికి చెప్పుకోరు. చెప్పుకోని బాధ గురించి చెప్పడానికే ఈ పూట నేను నిలబడ్డాను.

ముందుగా రెండు మాటల అర్థం చూద్దాం. వ్యాసంగం, వ్యసనం. చెవికి అక్కాచెల్లెళ్ళలాగా వినిపించినా వీటి పుట్టుక వేరు. వ్యాసంగం అంటే ఒకదానిని గాఢంగా అంటిపెట్టుకొని ఉండడం. వ్యసనం అంటే విసిరివేయడం. మనిషిని శ్రేయస్సు నుండి దూరంగా విసిరివేసేది కనుక దానికి వ్యసనమని పేరు వచ్చిందని నీతిశాస్త్రకారులు నిర్వచించారు. ఇందులో ఆశ్చర్యకరమైన సంగతి ఒకటి ఉంది. మనుస్మృతి రాజులు విడిచిపెట్టవలసిన కామజ వ్యసనాలను 10గా లెక్కపెట్టింది. వేట, జూదం, మద్యం ఉన్న ఆ వరుసలోనే నృత్యం, గీతం, వాద్యం కూడా ఉన్నాయి. యాజ్ఞవల్క్య స్మృతి మాత్రం వీణావాదన తత్త్వం ఎరిగినవాడు, శ్రుతి జాతులలో ఆరితేరినవాడు, తాళం తెలిసినవాడు ప్రయాస లేకుండా మోక్షమార్గాన్ని పొందుతాడని చెప్పింది. అదే పాట ఒకచోట వ్యసనం, మరొకచోట మోక్షసాధనం. ఋషులు పరస్పరం విరుద్ధంగా చెప్పారని అనుకోనక్కరలేదు. దోషం పాటలో లేదు, గుణమూ పాటలో ఒక్కదానిలోనే లేదు. ఆ పాట మనిషిని ఎక్కడికి చేరుస్తున్నది, ఎక్కడి నుండి విసిరివేస్తున్నది అన్నదే చూడవలసిన విషయం.

నీటి విలువ తెలిసిన సీమ మనది. సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, తుంగభద్ర నీటిని కాలువలోకి మళ్ళించారు గనుకనే కె.సి. కెనాల్ కింద కర్నూలు, కడప సీమలలో వరి పండుతున్నది. 2009 అక్టోబరులో అదే తుంగభద్ర, హంద్రీతో కలిసి కర్నూలు పట్టణాన్ని ముంచివేసింది. మిద్దెల మీద కూర్చొని ఆ రాత్రులు గడిపినవారు ఈ సభలోనే ఉన్నారు. నీరు అదే, నదీ అదే. కట్టుకు లోబడిన నీటికీ కట్టు దాటిన నీటికీ ఉన్న తేడా అది. నది తన ఆనకట్టను తాను కట్టుకోలేదు. ఒడ్డున బతికే మనుషులే కట్టాలి.

మన ప్రాంత చరిత్రలో ఇలాంటి మహానదుల ఒడ్డున కాపురాలు చేసిన తల్లులు ఉన్నారు. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యులవారు 32,000 సంకీర్తనలు రచించారని ఆయన మనుమడు చిన్నన్న చెప్పాడు. తిరుమల ఆలయంలోని రాగిరేకుల మీద నేటికి మిగిలినవే సుమారు 12,000. జీవితమంతా కీర్తనకే ధారపోసిన ఆ మహానుభావుని సహధర్మచారిణులలో ఒకరు తిమ్మక్క. ఆమె భర్త కీర్తిని చూసి మురిసిపోతూ కూర్చోలేదు, నిట్టూరుస్తూనూ కూర్చోలేదు. తన చేతికి తాను ఘంటం పట్టింది. అర్జునుడు సుభద్రను పెళ్ళాడిన కథను మంజరీ ద్విపదలో "సుభద్రా కల్యాణం"గా రచించింది. సాహిత్య చరిత్రకారులు ఆమెను తొలి తెలుగు కవయిత్రిగా గౌరవిస్తున్నారు. పెద్ద చెట్టు నీడలో ఇంకో చెట్టు పెరగదంటారు. తాళ్ళపాక ఇంట్లో పెరిగింది.

మన కాలానికి దగ్గరగా వస్తే, ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరస్వామి ఆలయంలో ప్రదక్షిణలు చేస్తూ "శివతాండవం" చెప్పారని ప్రతీతి గల పుట్టపర్తి నారాయణాచార్యులవారు ఉన్నారు. అనేక భాషలు నేర్చి, అహోరాత్రాలు కావ్యపఠనంలో మునిగిన సరస్వతీపుత్రుడు ఆయన. ఆయన ధర్మపత్ని కనకమ్మగారు కూడా విదుషి, కవయిత్రి. 

నాటకాల విషయానికి వద్దాం. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు "కీచకవధ" ప్రదర్శించడంతో సురభి నాటక సమాజం పుట్టింది. తోలుబొమ్మలాడించే కుటుంబాలవారు తామే రంగు వేసుకొని రంగస్థలం ఎక్కారు. ఇతర సమాజాలలో ఆడవేషాలు మగవారే కడుతున్న రోజులలో సురభివారి ఇంటి ఆడవారు ఆడవేషాలు కట్టారు. తండ్రి, తల్లి, కొడుకు, కోడలు అందరిదీ ఒకటే పని. రాత్రి ఆయన ఎక్కడికి పోయాడని అడిగే అవసరం అక్కడ లేదు, ఇద్దరూ ఒకే తెర వెనుక ఉంటారు. వృత్తీ, ప్రవృత్తీ ఒకటైన ఇంట్లో ఈ చిక్కు పుట్టదు.

చిక్కు పుట్టేది మా ఇల్లు వంటి ఇళ్ళలో. మావారు కర్నూలులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా. నేను పంచాయతీ పాఠశాలలో ఉపాధ్యాయిని. మా పెళ్ళి 1978లో జరిగింది. ఆయన పగలు గుమస్తా, రాత్రి హరిశ్చంద్రుడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం కవిగారి "సత్యహరిశ్చంద్ర" నాటకంలో వారణాసి ఘట్టం, కాటి సీను ఆయనకు ప్రాణం. జాషువా కవిగారి శ్మశానవాటి పద్యాలను కాటి సీనులో పాడడం మన నాటకాలలో ఆచారం కదా. ఆ పద్యాలు మావారు ఎత్తుకుంటే పందిరి కింద చీమ చిటుక్కుమన్నా వినిపించేది. వన్స్ మోర్ కొట్టించుకున్న రాత్రుల సంగతి ఆయన వారం రోజులు చెప్పేవారు.

తిరునాళ్ళు, శివరాత్రి, శ్రీరామనవమి, బుడ్డలు పీకి చేతిలో డబ్బులాడే రోజులు, ఇవన్నీ మా ఇంట్లో ఆయన లేని రాత్రులు. ఆయనకు దీనిమీద ఆదాయం ఉండేది కాదు. బస్సు చార్జీలు సొంతం. డ్రెస్సుల అద్దె ఒకసారి సొంతం, ఒకసారి చందా. హార్మోనిస్టుకు తక్కువ పడితే ఆయనే ఇచ్చేవారు. నాటకంలో బాకీ వసూలుకు హరిశ్చంద్రుని వెంట ఒక్క నక్షత్రకుడే తిరుగుతాడు. మా వాకిట్లోకి ముగ్గురు నలుగురు నక్షత్రకులు వచ్చి కూర్చునేవారు. జీతం లేని సెలవులు పెరిగాయి. మా అత్తగారు కొడుకు కోసం సద్దిరొట్టె మూతపెట్టి, తెల్లవారుజామున గడప మీద కునికిపాట్లు పడేవారు.

1993 వేసవిలో మా పెద్దమ్మాయి పదవ తరగతి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. ఊరు దాటి హాస్టలులో ఉండి ఇంటర్ చదవాలి. ఆ ఖర్చుకని నేను రెండేళ్ళు కూడబెట్టిన డబ్బు బీరువాలో ఉంది. చేరవలసిన వారంలో చూస్తే లేదు. ఒక ఊరి తిరునాళ్ళలో నాటకం ఒప్పుకున్న కాంట్రాక్టరు మధ్యలో చేతులెత్తేశాడు. ముహూర్తం పెట్టిన నాటకం ఆగితే ఊరికి అరిష్టమని, సమాజానికి అప్రతిష్ట అని మావారు ఆ డబ్బు పెట్టి నాటకం నడిపించారు. తాగి తగలేయలేదు, ఎవరికీ అన్యాయం చేయలేదు. సత్యసంధుడైన హరిశ్చంద్రుని వేషం వేయడానికి కూతురి చదువుకు దాచిన సొమ్ము తీసుకున్నారు.

ఆ రాత్రి నేను ఆయనను ఒక్క ప్రశ్న అడిగాను. "ఏమండీ, వారణాసిలో చంద్రమతిని అమ్మే ఘట్టం మీరు వందసార్లు ఆడారు. తనను అమ్మి ఋణం తీర్చమని ముందుగా చెప్పింది ఎవరు?" అన్నాను. "చంద్రమతే" అన్నారు ఆయన. మార్కండేయ పురాణంలో కూడా ఆ మాట రాణి నోటి నుండే వస్తుంది. "ఆమె ఒప్పుకున్నది గనుక అది త్యాగమైంది. మన బిడ్డ చదువు తాకట్టు పెట్టేముందు మీరు నన్ను అడిగారా, బిడ్డను అడిగారా?" అన్నాను. ఆయన మారుమాట్లాడలేదు. నా గాజులు కుదువ పెట్టి పెద్దదాన్ని కాలేజీలో చేర్చాము. ఆ వారం మా ఇంట్లో ఎవరి గొంతూ పెద్దగా వినిపించలేదు.

ఏం చేయాలో నాకు తోవ చూపించింది దమయంతి. ఈ కథను జూదంలో సర్వం పోగొట్టుకొని అడవిలో ఉన్న ధర్మరాజుకు బృహదశ్వ మహర్షి చెప్పాడు. నలమహారాజు పాచికల ముందు కూర్చొని లేవడు. దమయంతి మొదట ఏం చేసింది? పౌరులూ మంత్రులూ వచ్చి ద్వారం దగ్గర నిలబడ్డారు. పెద్దలు వచ్చారని భర్తకు చెప్పింది. ఆయన వినలేదు. రెండవ మారూ చెప్పింది. వినలేదు. అప్పుడు ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. సారథి వార్ష్ణేయుని పిలిపించి, పిల్లలిద్దరినీ రథం ఎక్కించి, తన పుట్టిల్లు కుండినపురానికి పంపివేసింది. తాను మాత్రం భర్త దగ్గరే ఉండిపోయింది. ఈ క్రమాన్ని మనసులో పెట్టుకోండి. ముందు హితవు చెప్పించడం, అది పనిచేయకపోతే పిల్లల భాగాన్ని క్షేమమైన చోటికి చేర్చడం, ఆ తర్వాత తాను నిలబడడం. పతివ్రతా ధర్మమంటే కళ్ళు మూసుకోవడమని చెప్పేవారు దమయంతి కథను మరొకసారి చదవాలి.

నేనూ అదే క్రమంలో నడిచాను. మావారికి పద్యం నేర్పిన హార్మోనియం మాస్టారు పెద్దాయన. ఆయన చేత చెప్పించాను. రెండు నెలలు ఫలితం కనిపించింది, మూడవ నెల యథాప్రకారం. అప్పుడు ఇద్దరి జీతాలలో నుండి ఇంత అని తీసి, పిల్లల పేర పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ కట్టించాను. ఆ పాసుపుస్తకాలు మా పుట్టింట్లో ఉంచాను. మావారికి దాచి చేసిన పని కాదు. ఆయన ఎదుటే చెప్పి చేసిన పని. నా కుండినపురం ఒక పోస్టాఫీసు.

నలుని కథలో ఇంకొక రహస్యం ఉంది. కలి నలుణ్ణి ఎప్పుడు విడిచిపెట్టాడు? దమయంతి ఏడ్చినప్పుడు కాదు. రాజ్యం పోయినప్పుడు కాదు. అడవులు పట్టి తిరిగినప్పుడు కాదు. నలుడు బాహుకుడై ఋతుపర్ణ మహారాజు రథం తోలుకుంటూ పోతున్నాడు. దారిలో ఒక తాండ్రచెట్టు కనిపించింది. దాని ఆకులు ఇన్ని, కాయలు ఇన్ని అని ఋతుపర్ణుడు చూసీచూడగానే చెప్పాడు. నలుడు రథం ఆపి, దిగి, స్వయంగా లెక్కపెట్టి చూశాడు. సరిపోయింది. ఆ లెక్క విద్యను, అక్షహృదయాన్ని ఋతుపర్ణుని వద్ద నేర్చుకున్న క్షణంలోనే కలి ఆయన శరీరం నుండి బయటికి వచ్చాడు. తాండ్రకాయలే ఆనాటి పాచికలని పెద్దలు చెబుతారు. దేనికి బానిసయ్యాడో దానినే లెక్కపెట్టడం నేర్చుకున్నాడు నలుడు. లెక్క తెలిసిన చోట కలి నిలవడు.

ఆ సంగతి మనసులో పెట్టుకొని 1994 ఉగాది నాడు ఒక రూళ్ళ పుస్తకం తెచ్చి మావారి చేతికిచ్చాను. "మీరు నాటకం మానవద్దు. వెళ్ళిన ప్రతి రాత్రీ తేదీ వేసి, ఊరి పేరు, ఆడిన వేషం, అయిన ఖర్చు రాయండి. చివరి గడి మాత్రం ఖాళీగా వదలండి" అన్నాను. ఆయన గుమస్తా కదా, రాత కోతలు ఒళ్ళో పెట్టుకున్న విద్య. కాదనలేకపోయారు. ఆ చివరి గడిని పిల్లలు నింపేవారు. ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో ఒక్క వాక్యం. "చెల్లెలికి జ్వరం." "నాకు వ్యాసరచనలో మొదటి బహుమతి." "అవ్వ మెట్ల మీద జారింది, మోకాలు వాచింది." "ఈ రోజు ఏమీ లేదు, ఉప్మా తిన్నాము."

మరుసటి ఉగాది వచ్చింది. ఆలయంలో పంచాంగ శ్రవణం విని వచ్చాము. ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని అందరి రాశులూ విన్నాము. పచ్చడి తిన్న తర్వాత మావారే ఆ పుస్తకం తీసి కూడిక వేశారు. ఏడాదిలో 71 రాత్రులు. 9,400 రూపాయలు. జీతం లేని సెలవు 19 రోజులు. ఆయన అనుకున్నది నెలకు రెండో మూడో రాత్రులని. అబద్ధం చెప్పుకోలేదు, ఎన్నడూ లెక్కపెట్టలేదంతే. తర్వాత చివరి గడి చదవడం మొదలుపెట్టారు. ఉప్మా తిన్నామన్న వాక్యం దగ్గర ఆగిపోయారు. జ్వరానికీ దెబ్బకూ మనిషి సమాధానం చెప్పుకోగలడు. ఏమీ జరగని రాత్రికి చెప్పుకోలేడు.

నేను గెలిచానని మీరు అనుకోవద్దు. మావారు నాటకం మానలేదు, నేను మానమనలేదు. ఆయనే ఒక కట్టుబాటు రాసి పుస్తకం అట్టలోపల అంటించారు. ఏడాదికి 24 రాత్రులు. పిల్లల పరీక్షల నెలలో ఒక్కటీ లేదు. ఇంటి ఖర్చు, పిల్లల భాగం తీసిన తర్వాత మిగిలిన దానిలో నెలకు ఇంత మాత్రమే నాటకానికి. ఆ మాట దాదాపు నిలబెట్టుకున్నారు. రెండేళ్ళు దాటింది, దాటినట్టు ఆయనే ఎర్రసిరాతో రాశారు. పాట తగ్గిందని మాస్టారు బాధపడలేదు. రాత్రులు తగ్గాక సాధన పెరిగింది, పద్యం ఇంకా నిగ్గు తేలిందని ఆయనే అన్నారు.

ఇందులో నా వంతు కూడా ఉంది. ఏడాదికి ఒక్కసారైనా వెళ్ళి పందిరిలో ముందు వరుసలో కూర్చొని తెల్లవారేదాకా చూడాలని నియమం పెట్టుకున్నాను. భర్తను అంతగా పట్టి ఉంచిన వస్తువు ఏమిటో తెలుసుకోకుండా దానితో పోట్లాడడం చీకట్లో కర్ర తిప్పడమే. వినగా వినగా మోహన రాగమేదో, కల్యాణి ఏదో నాకూ తెలిసింది. తిమ్మక్క చూపిన దారిలో నాకంటూ ఒక వ్యాసంగం పెట్టుకున్నాను. వీధిలోని నలుగురు స్త్రీలతో కలిసి వారానికి రెండు పూటలు భారత భాగవతాలు చదువుకున్నాము. ఈ ప్రసంగం ఆ పూటల ఫలమే. చేతిలో తనదంటూ ఏమీ లేనివారికి ఎదుటివారి చేతిలో ఉన్నది పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు సేవాభావం గల మీకు ఒక మాట విన్నవించాలి. నాటకాన్ని వ్యసనమంటే ఒప్పుకుంటాము. భజన, పారాయణ, క్షేత్రాటన, దేవాలయ సేవ కూడా వ్యసనం కాగలవంటే కోపం వస్తుంది. భగవంతుని పేరు మీద చేసేది ఎంతైనా తప్పు కాదనుకుంటాము. ఒంటిమిట్ట కోదండరామాలయాన్ని ఉద్ధరించడానికి వావిలకొలను సుబ్బారావుగారు టెంకాయ చిప్ప పట్టి ఊరూరా భిక్షమెత్తారు. ఆంధ్రవాల్మీకి అని లోకం కొలిచిన మహనీయుడు, సర్వమూ రామునికి అర్పించి వాసుదాసు అయినవాడు. ఆయన చేతి చిప్ప పూజ్యమైనది. పిల్లల ఫీజు కట్టక, ముసలి తల్లికి మందులు తేక, భార్యకు తెలియకుండా అప్పు చేసి విరాళం ప్రకటించే గృహస్థుని చేతికి వచ్చే చిప్ప వేరు. సర్వమూ విడిచినవానికి ఒకటే ఋణం, ఇల్లు కట్టుకున్నవానికి ఇంటి ఋణం మొదటిది.

మన పూజావిధానంలోనే ఈ ధర్మం ఉంది. సంకల్పంలో గృహస్థుని పేరు ఒక్కటే చెప్పరు, ధర్మపత్నీ సమేతుడని చెప్పిస్తారు. కల్యాణోత్సవంలో దంపతులను పక్కపక్కన కూర్చోబెడతారు. కన్యాదానంలో భార్య నీళ్ళు పోస్తేనే భర్త కాళ్ళు కడుగుతాడు. పెళ్ళిపీటల మీద "నాతిచరామి" అని ప్రమాణం చేయిస్తారు. నిన్ను అతిక్రమించి నడువనని దాని అర్థం. ధర్మకార్యంలో కూడా అతిక్రమించనని చేసిన మాట అది. కనుక హుండీలో వేసే ముడుపైనా, అన్నదానానికి రాసే చెక్కైనా, శనివారాల సేవకు ఇచ్చే సమయమైనా, ఇంట్లో రెండవ మనిషికి తెలిసి, ఆ మనిషి ఒప్పుకొని ఇచ్చినదైతేనే అది దంపతుల పుణ్యమవుతుంది. ఇది స్త్రీలకూ వర్తిస్తుంది. పారాయణ మండలిలో మునిగి ఇంటి మొహం మరిచిన గృహిణి భర్త కూడా ఆ సద్దిరొట్టె ముందు ఒంటరిగానే కూర్చుంటాడు.

మావారి సంగతి చెప్పి ముగిస్తే వినేవారికి సంతృప్తి అని తెలుసు, ఆయన ఎలా ఉన్నారని మీరు అడుగుతారు కూడా. 2017లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, మాట రెండూ పోయాయి. మూడు నెలలు "ఊ" అనడం తప్ప మరొకటి లేదు. ఒకనాడు పక్కింటి రేడియోలో హరిశ్చంద్ర పద్యం వస్తుంటే ఆయన పెదవులు కదిలాయి. పద్యం మొత్తం, అక్షరం పొల్లుపోకుండా, రాగంతో సహా వచ్చింది. సాధారణంగా మాట మెదడు ఎడమ భాగం మీద ఆధారపడుతుందని, రాగానికి కుడి భాగం కూడా తోడవుతుందని, అందుకే మాట పోయినవారిలో కొందరు పాడగలుగుతారని వైద్యులు చెప్పారు. ఆ రాగాన్ని పట్టుకొనే మాట నేర్పే పద్ధతి ఒకటి ఉందన్నారు. నెలల తరబడి సాధన చేయించాము. ఇప్పుడు ఆయన మంచినీళ్ళు మోహనలో అడుగుతారు. మనవరాలిని కల్యాణిలో పిలుస్తారు. ఏ రాగం ఏ అవసరానికో నాకు తెలుసు, ముందు వరుసలో కూర్చొని నేర్చుకున్నాను గనుక.

దీనిని చూపించి ఆ 71 రాత్రులు సరైనవేనని నేను అనను. మా పెద్దమ్మాయి రాసిన చివరి గడులు ఇంకా ఆ పుస్తకంలో ఉన్నాయి, వాటిని చెరపడం ఎవరి తరమూ కాదు. ఆ రాగాలు మా ఇంటిని ఒకప్పుడు తిన్నాయి, ఈనాడు మా ఇంటికి మాట ఇస్తున్నాయి. రెండూ ఒకే పుస్తకంలో రాయవలసిన లెక్కలే.

సోదరీమణులారా, సోదరులారా, మీ ఇంట్లో ఇలాంటి మక్కువ గల మనిషి ఉంటే ఆ మక్కువను చంపవద్దు. అది చచ్చిన మనిషితో కాపురం ఇంకా కష్టం. అలాగని వరదకు ఎదురుపోయి హారతి పట్టి ఊరుకోవద్దు. పిల్లల భాగం ముందు తీసి భద్రపరచండి. తిట్టడానికి బదులు లెక్క రాయించండి. ఏడాదికొక్కసారి ముందు వరుసలో కూర్చోండి. మీకంటూ ఒక ఘంటం పట్టండి. ఆ మక్కువ గలవారు మీరే అయితే, ఈ రాత్రి ఇంటికి వెళ్ళి ఒక రూళ్ళ పుస్తకం తీసి, చివరి గడిని మీ ఇంటివారికి వదిలిపెట్టండి.